తుండుగుడ్డ కింది ఉలిపిరి చెయ్యి

మొన్న మా మనవడి వేలి మీది ఉలిపిరికి రాయడానికి తెచ్చిన చిన్న సీసా మూత తిప్పగానే, ముక్కు మండించే మందు వాసన గుప్పుమంది. వాడు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం ఇంకోసారి గట్టిగా పీల్చాను. మా ఊరు చింతామణిలో ఆ వాసన మధ్యే బతికిన డాక్టరు కావేరమ్మగారు కళ్ళ ముందు నిలిచారు. ఆమె మడికేరి వైపు మనిషి. తెలుగు ఆమె ఇంటి భాష కాదు, మా ఊరి రోగుల దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి అచ్చం మా సంత తెలుగే మాట్లాడేవారు.

యాభైల చివరి మాట. మాది చింతపండు మండీ. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది మూగినా ఎవరికీ తెలియదు. ఆ యేడు బేరాల తుండు నాకు అప్పగిస్తానన్నాడు నాయన. నేను పుట్టు బేరగాణ్ణి. పేరు పెట్టేనాడే పురోహితుడితో నక్షత్రం కోసం గీచి గీచి బేరమాడి ఉంటానని మా అమ్మ ఎగతాళి చేసేది. సరిగ్గా అప్పుడే నా కుడిచేతి వేళ్ళ మీద ఉలిపిరికాయలు మొలిచాయి.

తొలి బేరం, పాత సరుకు తెచ్చిన బట్లహళ్ళి రైతు చౌడప్పతో. తుండు కింద నా వేళ్ళు తగలగానే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేందప్పా, ఇది మనిషి చెయ్యా, కాకరకాయా? నాకంటుకుంటే ఎట్ల?"

మండీ అంతా నవ్వింది. నాయన నవ్వలేదు. "అవి పొయ్యేదాకా మూటలు కుట్టించుకో. తుండు మీ బావ పట్టుకుంటాడు" అన్నాడు. మా అక్క మొగుడు ఎప్పటినుంచో ఆ చోటు మీద కన్నేసి ఉన్నాడు.

ఇక చూడండి నా తిప్పలు. గుర్రపు వెంట్రుక బిగించి కట్టాను. సున్నంలో చాకలిసోడా కలిపి అంటించాను. గుడిలో ఉప్పూ మిరియాలూ వేస్తానని మొక్కుకుని, దేవుడితో కూడా బేరమాడి, మొక్కిన దాంట్లో సగమే వేశాను. ఉలిపిరికాయలు మాత్రం కుటుంబాన్ని పెంచుకున్నాయి.

చివరికి కావేరమ్మగారి దగ్గరికి పోతే, ఆమె నా చెయ్యిని ఏ సంకోచమూ లేకుండా పట్టుకుని వెలుతురులోకి తిప్పారు.

"కప్పను ముట్టుకుంటే వచ్చేది కాదప్పా ఇది. పాపమూ కాదు. కంటికి కనపడని క్రిమి. తోలు గీసుకున్న చోట దూరి కాపురం పెట్టుండాది. గిల్లొద్దు, కొయ్యొద్దు, పక్కకు పాకుతాది. రోజూ వేన్నీళ్ళల్లో నానబెట్టు, మెత్తబడిన పైతోలు రాయితో మెల్లిగా రుద్దు, ఉలిపిరి మీద మాత్రమే ఒక చుక్క ఈ మందు. చుట్టూ వాజెలైను పెట్టు."

"ఎప్పటికి పోతాయమ్మా?"

"రెండు మూడు నెలలు పడతాది."

"ఒక నెలకు ముగించరాదా?"

"ఉలిపిరితో బేరమా శెట్టీ? నీ ఒళ్ళే ఒకనాడు దాన్ని గుర్తుపట్టి తరుముతాది. మందు దానికి తోడంతే."

తూకం వేశాక పైన గుప్పెడు కొసరు వేయకపోతే కొన్నట్టే కాదని నమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఒక్క చుక్క అంటే మనసొప్పుతుందా? కొసరుగా ఇంకా నాలుగు చుక్కలు పోశాను; వాజెలైను దండగనుకున్నాను. తెల్లారేసరికి వేళ్ళు ఎర్రగా పొంగి భగ్గుమంటుంటే మళ్ళీ కావేరమ్మగారి దగ్గరికే పరిగెత్తాను.

"ఏం చేస్తివప్పా?"

"కొసరు వేసుకున్నానమ్మా."

ఆమె నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడ్డారు. "చింతపండుకు కొసరు ఉండాది కానీ మందుకు లేదప్పా! మంచి తోలు కాల్చుకుంటే ఆ క్రిమికి నువ్వే ఇంకో వాకిలి తీసినట్ల." పుండు మానేదాకా మందు ఆపించి, మళ్ళీ మొదలుపెట్టించారు. ఈసారి చుక్క అంటే చుక్కే.

కొత్త చింతపండు బళ్ళు రావడం మొదలయ్యేసరికి బొటనవేలి మీద, పట్టీ కింద ఒక్కటే మిగిలింది. అయినా కాకరకాయ పేరు పోలేదు. నాతో చెయ్యి కలిపేవాడు లేడు. తుండు బావ భుజం మీదే ఉంది.

ఒక పొద్దున కావేరమ్మగారు యేడాదికి సరిపడా చింతపండు కోసం మండీకి వచ్చారు. బావ లేచి ఎదురుపోతే, "నాకు ఈ శెట్టితోనే బేరం. తుండు వేయండి" అన్నారు. మా మండీలో ఆడమనిషి తుండు కింద చెయ్యి పెట్టడం ఎవరూ చూసి ఎరగరు. నాయన నోట్లో వక్క నములుడు ఆగిపోయింది. బావ తుండు ఇచ్చాడు. ఆమెకు మా వేళ్ళ లెక్క రాదు. తిన్నగా మణికట్టు పట్టుకుని నాడి చూశారు!

"గుర్రం మాదిరి పరిగెత్తుతాంది. నేనేం కొరకనులే అప్పా."

మండీ గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఆమె చౌడప్ప వైపు తిరిగారు. "ఏమప్పా, ఈ చెయ్యి నేను ఇన్నాళ్ళనుంచి పట్టుకుంటాండాను కదా, నాకు ఒక్కటీ రాలేదే? మిగిలింది పట్టీ కింద ఉండాది. ఇంకేం భయం?"

చౌడప్ప తల గోక్కున్నాడు. ముందుకొచ్చి తుండు కింద చెయ్యి పెట్టాడు. కాసేపు తడిమి, "కాకరకాయ కాదులే, బెండకాయే" అన్నాడు. నా జీవితంలో మొదటి బేరం అలా కుదిరింది. నాయన తుండును మళ్ళీ బావకు ఇవ్వమనలేదు. ఆ చివరి ఉలిపిరి ఎప్పుడు పోయిందో పనుల్లో పడి నేనే గమనించలేదు.

తర్వాత చాలా ఏళ్ళు మండీలో మా అంగడి నేనే నడిపాను. చెయ్యి చూపడానికి సిగ్గుపడి వెనక్కి దాచుకునేవాడు వస్తే, ముందు ఆ చెయ్యి అందుకుని కూర్చోబెట్టేవాణ్ణి. అక్కడున్నది బొల్లా, కాలిన మచ్చా అని అడిగేవాణ్ణి కాదు. ధర సంగతి తర్వాత. ఇప్పుడు అంగడి కొడుకుది; గల్లా పక్కన ఊరికే కూర్చుంటాను, ఆ అలవాటు మాత్రం పోలేదు. "ముందే మెత్తబడితే బేరం ఎట్ల సాగుతాది?" అని బావ ఇప్పటికీ గొణుగుతాడు. ఆయనకు తెలియనిది ఒకటుంది. అలా చెయ్యి పట్టించుకున్నవాడు ఇంకో అంగడి మెట్టెక్కడు. కావేరమ్మగారు మంచితనం నేర్పారు నిజమే. నేర్చుకున్నవాడు శెట్టి కొడుకు కదా!