రత్నకుమారి కొత్త కంప్యూటరు కట్టించిన వైనం

పెళ్లి పూర్తికాకముందే పెళ్లి వీడియో పూర్తిచేసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఊరు మండవల్లి, పేరు రత్నకుమారి. తాడేపల్లిగూడెం కల్యాణ మండపంలో మూడో ముడి ఎలా వెయ్యాలో తోచక తాళిబొట్టు పట్టుకుని నిలబడిపోయిన పెళ్లికొడుకు, ఎదురుగా తెర మీద తనే ముడి వేసేసి నవ్వుతుండడం చూసి, అదే మాదిరి వేసేశాడని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు నమ్మకపోవచ్చు. అలాంటివాళ్ల పెళ్లి వీడియోలు ఎలాగూ బాగుండవు.

రత్నకుమారి ఈ పనిలోకి రావడానికి కారణం ఆవిడ పెళ్లి క్యాసెట్టే. అందులో పెళ్లికొడుకు తాతాజీ కంటే పెదనాన్నగారి బట్టతల ఎక్కువ కనిపిస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి కెమెరా అతను వంటశాలలో గారెలు తీస్తున్నాడు. అంటే కెమెరాతోనే లెండి, నోటితో కూడా అయ్యుండొచ్చు. కాపురానికొచ్చాక ఆ క్యాసెట్ చూసిన ప్రతిసారీ ఒళ్లు మండి, చివరికి కైకలూరులో ఒక స్టూడియోకి వెళ్లి కూర్చుని, ముక్కలు కోయడం, అతకడం నేర్చేసుకుంది. ఆ తరవాత ఆవిడ చేతుల మీదుగా ఎన్ని పెళ్లిళ్లు నడిచాయో చెప్పలేం. కొల్లేరు చుట్టూ ఉన్న జంటల్లో సగం మంది ఆవిడ అతికినవాళ్లే, ఆవిడ ముఖం మాత్రం వాళ్లెవరూ చూడలేదు.

తాతాజీ చేపల చెరువులు చేస్తాడు. ఇల్లు చెరువు గట్టు మీదే. ఆ ఇంటి వసారా గదిలో ఒక ముసలి కంప్యూటరుండేది. అది జీలకర్ర బెల్లం బాగానే పెట్టించేది, మంగళసూత్రం బాగానే కట్టించేది. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. పెళ్లికొడుకు గుప్పెడు బియ్యం ఎత్తగానే చెయ్యి గాల్లో నిలబడిపోయేది. రత్నకుమారి వెళ్లి బెండకాయలు తరిగి, పోపు పెట్టి, గిన్నె దించి వచ్చేసరికి ఆ బియ్యం ఇంకా పెళ్లికూతురి తల మీదికి దిగుతూ ఉండేవి.

అలాంటి రోజుల్లో తాడేపల్లిగూడెం నుంచి ఫణికిరణ్ ఫోన్ చేశాడు. అతనిది అక్కడ పెద్ద స్టూడియో. రత్నకుమారికి పని వచ్చేదంతా అతని దగ్గర్నుంచే.

“అక్కా, ఇప్పుడు నెల రోజులు ఎవరూ ఆగట్లేదండీ. పొద్దున పెళ్లైతే సాయంత్రం రిసెప్షన్లో తెర మీద పడిపోవాలంటున్నారు. రైసుమిల్లు వాళ్ల పెళ్లి ఒప్పేసుకున్నాను. ఇది మీరు చెయ్యగలిగితే సీజనంతా మీదే. లేదంటే విజయవాడ వాళ్లకి ఇచ్చేయాలి. ఏమీ అనుకోకండి.”

“చేసేస్తానండీ,” అనేసింది రత్నకుమారి. అన్నాక వెనక్కి తిరిగి చూస్తే, కంప్యూటరు తెర మీద ఎవరో పెళ్లికొడుకు చెయ్యెత్తి అలాగే నిలబడి ఉన్నాడు.

“ఏవండీ! కొత్త కంప్యూటరు కొనాలండీ.”

“ఉంది కదే?” అన్నాడు తాతాజీ.

“అది కంప్యూటరు కాదు, మీ అన్నయ్య. ఏమడిగినా ఆలోచించి చెబుతానంటుంది.”

ఏలూరులో ఆరిఫ్ షాపుకి మర్నాడే వెళ్లారు. ఆరిఫ్ విడిభాగాలు తెప్పించి, కావలసినట్టు కంప్యూటర్లు కట్టి ఇస్తాడు. స్క్రూని కూడా ‘రండి, కూర్చోండి’ అని బిగించే మెత్తని మనిషి. అలాంటి మనిషికి ఆ రోజు తాతాజీ తగిలాడు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు కొనీ కొనీ, ఏ యంత్రాన్నైనా చేత్తో ఎత్తి బరువు చూడందే నమ్మడాయన.

“ఇందులో అసలు పనిచేసేదేదండీ?”

ఆరిఫ్ ప్రాసెసరు చూపించాడు. ఉప్పు బిస్కట్టంత ఉంది. తాతాజీ అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ ఊపి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“ఇంతేనా? హార్స్ పవరెంత?”

“హార్స్ పవరుండదండీ దీనికి. కోర్లుంటాయి.”

“నీళ్లలో పడితే?”

“పడకూడదండీ.”

“మా ఇంటి చుట్టూ నీళ్లేనయ్యా!”

“మీరు కాసేపు అలా కూర్చోండి బాబూ,” అని రత్నకుమారి ఆయన చేతిలోంచి ప్రాసెసరు లాక్కుంది. ఆరిఫ్ ఊపిరి పీల్చుకుని, పెళ్లిళ్ల మనిషికి పెళ్లి భాషలోనే చెబుదామనుకున్నాడు.

“ప్రాసెసరు వంటమేస్త్రీ అనుకోండి మేడమ్. ర్యామ్ వంటశాల, ఎంత పెద్దదైతే అన్ని పొయ్యిలు ఒకేసారి వెలిగించుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ స్టోరు గది, అడిగిన సరుకు అడిగినట్టు చేతికందాలి. గ్రాఫిక్స్ కార్డు వడ్డించే బ్యాచ్ అండీ.”

“మరి తినేదెవరు?” అన్నాడు తాతాజీ కుర్చీలోంచి.

“నాకు వంటలొద్దు ఆరిఫ్ గారూ, తలంబ్రాలు పడాలి,” అని రత్నకుమారి సంచిలోంచి హార్డ్ డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది ముసలి కంప్యూటరుని మూడుసార్లు మూర్ఛపోయేలా చేసిన పెళ్లి. మూడు కెమెరాలు, పైన డ్రోను, వర్షం పడ్డట్టు తలంబ్రాలు. షాపులో చూపించడానికి కట్టిపెట్టిన కంప్యూటరు మీద దాన్ని వేసింది.

మొదట ఉన్న ర్యామ్‌తో పెళ్లికొడుకు చెయ్యి కాస్త తటపటాయించింది. “ఊఁహూఁ, ఆలోచిస్తోందండీ,” అంది రత్నకుమారి. ఆరిఫ్ మిషను ఆపి ఇంకో జత ర్యామ్ తగిలించాడు. మళ్లీ వేసింది. చెయ్యి లేచింది, గుప్పిట విప్పుకుంది, బియ్యం జలజలా రాలిపోయాయి.

“పడ్డాయండీ! ఏవండీ, పడ్డాయి!” అని ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ వేసింది. మళ్లీ పడ్డాయి. ముందుకి, వెనక్కి, నెమ్మదిగా, జోరుగా, ఎలా వేసినా పడుతున్నాయి. ప్రింటరు ఇంకు కోసం వచ్చిన ఒకాయన తెర దగ్గరికి వచ్చి కళ్లు చికిలించాడు.

“అదేంటండీ, మా సూర్యనారాయణ మావయ్య! ఆయన మీద బియ్యం పడుతున్నాయేంటి?”

“అడ్డంగా కూర్చుంటే పడవా అండీ?” అంది రత్నకుమారి. ఆయన అక్కడే నిలబడి అప్పగింతల దాకా చూసి, కళ్లు తుడుచుకుని, ఇంకు మర్చిపోయి వెళ్లిపోయాడు.

అక్కడి దాకా ఆవిడ ఒక్క తప్పు చెయ్యలేదు. వంటమేస్త్రీ మంచివాడు, వంటశాల విశాలం, స్టోరు గది రెండు అరల్లో, అసలు ఫుటేజీకి ఒకటి, పని నడవడానికి ఒకటి. పవర్ సప్లయి తాతాజీయే ఎంచాడు. అన్నిట్లోకీ బరువైంది ఎత్తి చూసి, “ఇదీ వస్తువంటే!” అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు కూడా బరువుండడంతో ఆయన మనసు కుదుటపడింది.

చివరికి ఇవన్నీ పెట్టే క్యాబినెట్ ఎంచడం మిగిలింది. ఆరిఫ్ రెండు చూపించాడు. ఒకటి నల్ల రేకు పెట్టె, ముందంతా జల్లెడ. రెండోది గాజు పెట్టె. లోపల ఫ్యాన్లన్నీ ఊదా, నీలం, గులాబీ రంగుల్లో వెలుగుతూ తిరుగుతున్నాయి. రత్నకుమారి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

“ఆ నల్లదానికి గాలి బాగా ఆడుతుందండీ. అందం తక్కువ,” అన్నాడు ఆరిఫ్.

“ఇంత మంచి సరుకుని రేకు డబ్బాలో కుక్కుతామాండీ!” అంది రత్నకుమారి.

“చవితి పందిరిలా ఉందే!” అని తాతాజీ కూడా మురిసిపోయాడు.

కొల్లేరు గట్టున, చెరువుల మధ్య, చీకటి పడితే పురుగులకి జడిసి వసారాలో లైటార్పేసి అన్నం తినే మొగుడూ పెళ్లాలిద్దరూ, ఆ వెలుగుల పెట్టె ముందు నిలబడి ఒక్కసారైనా ఆలోచించలేదు. ఏలూరు నడిబొడ్డున ఉండే ఆరిఫ్‌కి ఆ సంగతి తెలిసే దారే లేదు.

కైకలూరు బస్సులో రత్నకుమారి ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని, గోతి వచ్చిన ప్రతిచోటా చంటిపిల్లలా ఎత్తి పట్టుకుంది. ఇంటికొచ్చి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, సంధ్యవేళ స్విచ్చి నొక్కింది. వసారా ఊదా రంగైపోయింది. ఎదురుగా చెరువు గులాబీ రంగైపోయింది. అటు ఆకివీడు దాకా ఉన్న రెక్కల పురుగులన్నిటికీ శుభలేఖలు అందిపోయాయి. కుటుంబాలతో సహా వచ్చేశాయి. కొన్నయితే ముందుగా వచ్చి మంచి చోటు చూసుకున్నాయని కూడా అంటారు. ఫ్యాన్లు వాటిని ఆదరంగా లోపలికి లాక్కున్నాయి.

ఆవిడకేం తెలుసు? ఆనందంలో ఉంది. పాత పెళ్లొకటి పెట్టి, సినిమా ఎంతసేపట్లో తయారవుతుందో చూద్దామని పని అప్పగించింది. సగం దాకా గుర్రంలా పరిగెత్తింది. ఆ తరవాత రొప్పింది, మూలిగింది, పొయ్యి మీద పెనంలా కాలింది, టక్కున ఆగిపోయింది.

రైసుమిల్లు పెళ్లి ఎల్లుండి.

“ఆరిఫ్ గారూ, మీ కంప్యూటరు పురుగుల్ని తింటోందండీ!” అంది రత్నకుమారి ఫోన్లో.

“తినడమేంటండీ?”

“కడుపు నిండా తినేసి పడుకుందండీ!”

తెల్లారి మొదటి బస్సుకి మళ్లీ ఏలూరు. ఆరిఫ్ గాజు తలుపు తియ్యగానే దోసెడు రెక్కలు బల్ల మీద రాలాయి. అతను తన సర్వీసులో ఇలాంటిది చూడలేదు. బ్లోయరుతో ఊదుతూ, “లైట్లు ఆపేసి వాడుకోవచ్చు మేడమ్. కానీ మానిటరు వెలుగుకైనా వస్తాయి కదండీ, ఈ గాజు పెట్టెకి మరి జల్లెడ అడ్డం లేదు,” అన్నాడు.

రత్నకుమారి గాజు పెట్టె వైపు చూసింది. అది ఇంకా అందంగానే ఉంది. ఫణికిరణ్ మాట గుర్తొచ్చింది. విజయవాడ వాళ్లు గుర్తొచ్చారు. గాల్లో నిలబడిపోయిన చేతులన్నీ గుర్తొచ్చాయి.

“ఆ నల్ల డబ్బాలోకి మార్చెయ్యండి,” అంది. అనేశాక గుండె తేలికైపోయి, “త్వరగా మార్చండి బాబూ, రేపు పొద్దున్న నాకు పెళ్లి!” అని తొందర పెట్టేసింది. పక్కన కూర్చున్న కొత్త కస్టమరు ఆవిడనీ తాతాజీనీ మార్చి మార్చి చూశాడు.

తాతాజీ సంచిలోంచి చేపపిల్లలు పట్టే సన్నని వల తీశాడు. “చేపపిల్ల దూరదు దీంట్లో. పురుగెలా దూరుతుందో చూస్తాను,” అని రెండు మడతలు వేసి డబ్బా ముందు బిగించాడు. మిషను మళ్లీ కాలింది. ఆరిఫ్ ఒక మడత తీసేశాడు. తలంబ్రాల పెళ్లి వేసి, వేడి ఎంతుందో చూస్తూ ముగ్గురూ టీ తాగారు. చల్లగానే ఉంది.

మర్నాడు తాడేపల్లిగూడెంలో ఆవిడకిచ్చిన గది వంటశాల పక్కది. ఇటు సాంబారు ఉడుకుతోంది, అటు రత్నకుమారి ముహూర్తం కోస్తోంది. మండపం నుంచి కెమెరా కార్డులు వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టు డబ్బా మింగేస్తోంది. ఫణికిరణ్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ తలుపులోంచి తల పెడుతున్నాడు.

“అక్కా, ఎంతదాకా వచ్చింది?”

“తలంబ్రాలు పడుతున్నాయండీ. మీరు పడకండి నా మీద!”

పడుతున్నాయి మరి! చెయ్యెత్తితే పడుతున్నాయి, ఎత్తకముందే పడేలా ఉన్నాయి. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద డప్పు వాయిస్తున్నాయి. తాతాజీ వల పక్కన చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు మాటిమాటికీ చూస్తున్నాడు. సాయంత్రం రిసెప్షన్లో తెర వెలిగింది. పొద్దున్న పెళ్లికూతురి కళ్లలో తిరిగిన నీళ్లు సాయంత్రం తెర మీద మనిషెత్తు కనిపించేసరికి, బిర్యానీ వరసలో నిలబడ్డవాళ్లు పళ్లేలతో సహా వెనక్కి తిరిగారు. పెళ్లికూతురి నాయనమ్మ కుర్చీ లాక్కుని తెర ముందుకెళ్లి కూర్చుంది, మళ్లీ వెయ్యమంది, మళ్లీ వేశారు.

ఫణికిరణ్ పరిగెత్తుకుంటూ గదిలోకొచ్చాడు. “అక్కా, సీజనంతా మీదేనండీ! వచ్చే ముహూర్తం గుండుగొలనులో. డబ్బా అక్కడికి పట్టుకొచ్చేస్తారా?”

“కారు పంపండి,” అంది రత్నకుమారి, సాంబారు వాసనల మధ్య రాజ్యమేలే రాణిలా.

ఆ రోజు నుంచీ ఆ పెళ్లి సంగతి ఊరూరా పెరుగుతూ పోయింది. తాళి కట్టకముందే తెర మీద కట్టేశాడన్నారు, పంతులుగారు మంత్రాలాపి సినిమా చూశారన్నారు. ఆవిడ దగ్గరే ఎవరైనా ఈ మాటెత్తితే, మౌసు మీంచి చెయ్యి తియ్యకుండా చెబుతుంది:

“అబ్బే, అదేం లేదండీ. తాళి పొద్దున పదకొండింటికే కట్టేశాడు. నా పని సాయంత్రం ఆరున్నరకి అయింది. ఏడింటికి వెయ్యమన్నారు, ఏడింటికి వేశాం.”