పత్తి గదిలో నేను చూసింది ఎవర్ని?

నా చిన్నప్పుడు మా ఇంట్లో పత్తికి ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి పల్లె మాది. పత్తి తీతలు మొదలయ్యాయంటే పెద్ద గది మొత్తం దానికి అప్పగించి, మేమంతా వసారాలో సర్దుకునేవాళ్ళం. ఆ గదికి ఒకటే కిటికీ. ఉడతలు దూరకుండా దాన్ని గోనెపట్టాలతో బిగించేవాళ్ళు. పిల్లలు లోపలికి పోకూడదని గట్టిగా చెప్పేవాళ్ళు. పోవద్దన్న చోటికి పోకపోతే నాకు తిన్న అన్నం అరిగేది కాదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. దాచి చివర్లో చెబితే ఇంకా సిగ్గుగా ఉంటుంది. పత్తిని సంచులకెత్తేటప్పుడు నిలువెత్తు గోనె సంచిని దూలానికి వేలాడదీసి, అందులోకి ఎవరో ఒక పిల్లని దింపి, పైనుంచి పత్తి వేస్తూ తొక్కించేవాళ్ళు. తొక్కేకొద్దీ కింద పత్తి గట్టిపడి, ఆ పిల్ల నెమ్మదిగా పైకి వస్తుంది. మా చేలో పత్తి తీసే ఒకావిడ కూతురు నా ఈడుదే, తొమ్మిదేళ్ళది. అది తొక్కుతుంటే పీట మీద నిలబడి పత్తి వేయడం నా పని. ఒకరోజు సగంలో దాన్ని సంచిలోనే వదిలేసి రేగుపళ్ళు ఏరుకోవడానికి పోయాను. ఎందుకంటే, ఊరికే. అది లోపలినుంచి పిలుస్తుంటే విని, నవ్వుకుంటూ మరీ పోయాను. చాలాసేపటికి ఎవరో చూసి దాన్ని పైకి లాగారట. అది మాత్రం నా పేరు ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదంటే మనసులో పెట్టుకుందనీ, ఎప్పుడో నా పని పడుతుందనీ నాకు గట్టి నమ్మకం.

ఇది జరిగిన వారానికి, ఒక మధ్యాహ్నం నేను దొంగచాటుగా ఆ పత్తి గదిలోకి దూరాను. కుప్ప ఎక్కి పడుకుంటే వెచ్చగా ఉండి నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి అంతా చీకటి. జారి కిందికి వచ్చి తలుపు తోస్తే కదల్లేదు. బయట గొళ్ళెం పెట్టేశారు.

పత్తి గదిలో ఎప్పుడైనా అరిచి చూడండి. మాట పెదవి దాటగానే చచ్చిపోతుంది. గొంతు నిండా నూగు, ఒళ్ళంతా దురద. తలుపుకి చెవి పెడితే నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ చేలో ఉంటుందనీ, ఇంట్లో ఎవరూ లేకపోవచ్చనీ నాకు తట్టనే లేదు. నాకు తట్టింది ఒకటే. ఎవరో బయట నిలబడి నా అరుపులు వింటున్నారు, విని నవ్వుకుంటున్నారు. ఆ ఎవరో ఎవరన్నది కూడా ఏడ్చి ఏడ్చి తేల్చేసుకున్నాను. మంచినీళ్ళ బిందె కోసం ఆ పిల్ల మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి వెళ్ళింది కదా.

పొద్దు వాలాక అమ్మ తలుపు తీసింది. వెనకాల పత్తి మూటలతో కూలీలంతా నిలబడి ఉన్నారు, తల్లి పక్కన ఆ పిల్ల కూడా ఉంది. నేను బయట పడుతూనే దాని మీదికి వేలు చూపించాను. ఇదే గొళ్ళెం పెట్టింది, నా కళ్ళతో చూశాను అన్నాను. అది 'నేను పెట్టలేదు' అని ఒక్కసారి అని ఊరుకుంది. నేను ఇంటి పిల్లని, అది కూలికొచ్చిన పిల్ల. ఇంక ఎవరి మాట చెల్లుతుంది? రేపటినుంచి పనికి రావద్దని అమ్మ ఆ తల్లితో అనేసింది. మా ఇంట్లో వద్దన్నారంటే ఆ ఊళ్ళో ఇంకెవరూ పిలవరని అందరికీ తెలుసు. ఆవిడ మూట దించి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నాకు గదిలోంచి బయటికి వచ్చినట్టే అనిపించలేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేను, దాన్ని మింగలేను.

కాసేపటికి మా నాయనమ్మ మిరపకాయల కళ్ళం నుంచి వచ్చింది. అమ్మ చెప్పిందంతా విని, నన్ను తీసుకెళ్ళి అదే గదిలోకి తోసి గొళ్ళెం పెట్టింది. ప్రాణం పోయినట్టయింది. తీశాక అడిగింది.

"గొళ్ళెం పెట్టే చెయ్యి కనపడిందా?"

"లేదు."

"మరేం కనపడింది?"

"చీకటి."

"మధ్యాహ్నం కూడా ఇదే చీకటి కదే. అందులో నువ్వు తప్ప ఇంకో మనిషి లేదు. మరి నువ్వు చూశానన్నది ఎవర్ని?"

అప్పుడు చెప్పింది, గొళ్ళెం పెట్టింది తనేనట. కోళ్ళు దూరి పత్తి కెలికేస్తున్నాయని, లోపల ఎవరన్నా ఉన్నారా అని ఒక కేక వేసి, పలక్కపోతే పెట్టి కళ్ళానికి పోయిందట.

దీపాలు పెట్టకముందే నన్ను వాళ్ళింటికి నడిపించింది. ఆ తల్లి పక్క ఊళ్ళో పని అడగడానికి బయల్దేరుతోంది. నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అని నాయనమ్మ నా చేత అందరూ వినేలా చెప్పించి, రేపటినుంచి మళ్ళీ పనికి రమ్మంది. ఆవిడ నా వైపు చూడకుండా, "సరేలెండి, రేపొస్తాం" అని మా నాయనమ్మతో అంది.

ఆ పిల్ల గడప మీద కూర్చుని ఉంది. దగ్గరికి పోయి, ఆరోజు సంచిలో వదిలేసి పోయినందుకు నా మీద కోపంగా లేదా అని అడిగాను. అది నా మొహంలోకి వింతగా చూసింది.

"వదిలేసి పోయావా? నీకేమన్నా అయిందేమో అనుకున్నా. తేలు కుట్టి ఎక్కడన్నా పడిపోయావేమోనని భయమేసి ఏడ్చా. అందుకేగా అంతలా పిలిచింది."

వాళ్ళు మర్నాడు పనికి వచ్చారు. అది మాత్రం మళ్ళీ మా ఇంట్లో సంచి తొక్కలేదు, నేనూ రమ్మనలేదు.

ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను, అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఎవరన్నా ఫోన్ ఎత్తకపోయినా, వస్తానన్న మనిషి రాకపోయినా, కావాలనే చేస్తున్నారనే ముందు అనిపిస్తుంది. ఆ బుద్ధి పోలేదు, పోతుందన్న ఆశ కూడా లేదు. కాకపోతే అప్పుడు గొంతులో ఆ నూగు అడ్డుపడుతుంది. ఆ పిల్ల అనుకున్నట్టు అనుకోవడానికి కష్టపడతాను. పాపం, తేలు కుట్టిందేమో అని.