పచ్చలో నిలబెట్టిన ముల్లు

రాళ్లకు పాలిష్ పెట్టే యార్డులో, కోత మిషను దగ్గర పనిచేసే ఆ తల్లికి నోటిదురుసు ఎక్కువ. భర్త పోయాక ఆ నోరే ఆమెకు ఆసరా. యార్డు గోడకు ఆనుకునే క్వార్టరు. పని ఉన్నన్నాళ్లే ఆ గది, ఆ గదిలో ఉన్నన్నాళ్లే పని. తలుపు ఎంత బిగించినా తెల్లటి రాతిపొడి లోపలికొచ్చి కంచాల మీద, దిండ్ల మీద, పదో తరగతి చదివే కూతురి ఊపిరితిత్తుల్లో పేరుకునేది.

పిల్లకు ఉబ్బసం. డాక్టరమ్మ చేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చింది. గట్టిగా ఊదితే దాని మీది ముల్లు జరుగుతుంది. పచ్చరంగు దాకా వెళ్తే ఊపిరి బాగున్నట్టు, ఎరుపులో ఆగితే ప్రమాదం.

"రోజూ ఇంట్లోనే ఊదించండి. ముల్లు పడిపోతుంటే ఆ ఇల్లు మారక తప్పదు" అంది, పిల్ల ముందే.

అనకుండా ఉండాల్సింది. ఇల్లు మారడమంటే అమ్మ పని పోవడమేనని పిల్లకు తెలుసు.

వారాల తరబడి ముల్లు పచ్చలోనే ఉంది. తల్లి మురిసిపోయింది. డాక్టరమ్మ మందు తగ్గించింది. పిల్ల మాత్రం బడి మెట్ల మీద మధ్యలోనే కూలబడుతోంది.

ఆ ఉదయం బట్టలారేస్తూ తల్లి కిటికీలోంచి చూసింది. పిల్ల నిండా ఊపిరి పీల్చనే లేదు. నాలుక వెనక్కి లాగి, గింజ ఉమ్మినట్టు గొట్టంలోకి తుప్పుమంది. ముల్లు ఎగిరి పచ్చలో పడింది.

"ఏమే, ఈ విద్య ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అదే వచ్చింది."

"మహా తెలివి. ఏదీ, నా ఎదురుగా సరిగ్గా ఊదు."

"వద్దే అమ్మా."

"ఊదమన్నానా."

ఊదింది. ముల్లు ఎరుపు దాటలేదు. పిల్ల గోడకు ఆనుకుని దగ్గుతూ, "చెప్తే నీ పని పోతుందిగా" అంది.

తల్లి గొట్టం తీసుకుని పక్కన పెట్టింది. దుమ్ము లాగే ఫ్యాను పెట్టించమంటే యజమాని ఎప్పుడూ "వచ్చే నెల" అనేవాడు. ఫ్యాను ఖరీదు అతనికి మిగిలింది. ఆ ఖరీదు కట్టిన పిల్ల ఇప్పుడు ఎదురుగా దగ్గుతోంది.

సైరన్ మోగింది. మేస్త్రీ గుమ్మం దాకా వచ్చాడు. "ఏమ్మా, మహారాణిగారికి పల్లకీ పంపాలా?"

"రాను. పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. గది ఖాళీ చేస్తున్నానని చెప్పు మీ అయ్యగారికి."

"గది వదిలితే పని వదిలినట్టే. ఆలోచించుకో."

"నా బదులు నా పిల్లే ఆలోచించింది. ఇక చాలు."

ట్రంకుపెట్టె బయటికి ఈడ్చింది. తర్వాత ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. సాయంత్రానికల్లా ఆ గదిలో ఇంకో కుటుంబం దిగింది, చంటిబిడ్డతో.