నాలుగు పొయ్యిలు, ఒక మీటరు

ప్రతి నెలా ఒక ఉదయం చెంగిచెర్లలోని మా అపార్టుమెంటు కింద చిన్న యంత్రమొకటి గిర్రుమని చప్పుడు చేస్తుంది, కాసేపటికి మా తలుపు గడియలో పొడవాటి కాగితం ఒకటి చిక్కుకుని కనిపిస్తుంది. అప్పుడే అచ్చయిన ఆ కరెంటు బిల్లు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఇస్త్రీపెట్టె కింద మాడబోయి ఆగిన గుడ్డ వాసన వస్తుంది. ఎంత కట్టాలన్నది నేను ఆఖరున చూస్తాను. ముందు యూనిట్లు చూస్తాను, పోయిన నెలతో పోల్చుకుంటాను, పెరిగితే ఎందుకు పెరిగాయో ఆ పూటే తేల్చుకుంటాను. ఈ అలవాటు నాకు మా అమ్మ భాగ్యమ్మ నుంచి వచ్చింది. ఆమెకు ఎక్కడ అబ్బిందో చెప్పాలంటే మేం నాచారంలో ఉన్న రోజుల్లోకి వెళ్లాలి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన మా నాన్న నాచారం ఫ్యాక్టరీల్లో ఒకదానిలో సీసాలు తయారుచేసే బట్టీ దగ్గర పనిచేసేవాడు. మేం ఉన్నది యాదగిరి అనే ఆయన ఇల్లు. మధ్యలో వాకిలి, వాకిలికి మూడు పక్కలా గదులు, నాలుగో పక్క ఒక స్నానాల గది, దాని పక్కన నీళ్ల సంపు, మోటారు. ఒక భాగంలో యాదగిరి మామ, ఆయన భార్య ఉండేవాళ్లు. తక్కిన మూడింటిలో మేము, ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసే రాజన్న, తణుకు దగ్గరి నుంచి వచ్చిన సత్యవతి పిన్ని అద్దెకుండేవాళ్లం. పిన్ని భర్త లారీల వెంట తిరిగే ఉద్యోగం కాబట్టి నెలకు నాలుగు రోజులే ఇంటి పట్టున ఉండేవాడు. ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడిపేది. వాళ్ల పద్మ, నేను ఒకే తరగతి.

నాలుగు పొయ్యిలున్నా ఆ ఇంటికి మీటరు ఒక్కటే. వసారా గోడకు, నల్లటి రేకుపెట్టెలో, అద్దం వెనకాల ఒక వెండిరంగు చక్రం తిరుగుతూ ఉండేది. దాని అంచు మీద ఒకచోట ఎర్ర గీత. సాయంత్రం లైట్లు వేసే వేళ ఆ గీత పరుగెత్తేది, మధ్యాహ్నం బద్ధకంగా నడిచేది. బిల్లు వస్తే నాలుగు భాగాలు చేసేవాళ్లు.

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. లెక్క తెలిసిన మనిషి కావడంతో, వాడకం ఒక మెట్టు దాటితే రేటు కూడా పెరిగిపోతుందన్న సంగతి బిల్లు వెనక అచ్చేసిన పట్టిక చూసి తనే కనిపెట్టింది. అప్పటి నుంచి కరెంటుకే కాదు, గ్యాసుకు కూడా, మా ఇంట్లో ప్రతి పనికీ ఒక పద్ధతి వచ్చింది. కందిపప్పు పొద్దున్నే నానబెట్టేది, దాంతో అది సగం మంటకే ఉడికేది. అన్నం ఇంకా పలుకుగా ఉండగానే గ్యాసు కట్టేసి, మీద మూతపెట్టి, పాత దుప్పటి చుట్టి మూలన పెట్టేది. మేం స్నానాలు చేసి వచ్చేసరికి అది మల్లెమొగ్గల్లా విచ్చుకుని ఉండేది. ఎండాకాలమైతే ఇత్తడి బోగాణిలో నీళ్లు నింపి వాకిట్లో పెడితే మధ్యాహ్నానికి చెయ్యి కాలేంత వేడెక్కేవి. నాన్న చొక్కాలు మడతలు పెట్టి పరుపు కింద పరిస్తే తెల్లారేసరికి ఇస్త్రీ అయిపోయేవి. బతుకమ్మ పండక్కి సర్వపిండి చేసినప్పుడు గిన్నె అంచుల దాకా పిండి అద్ది, చిన్న మంట మీద ఉంచి, అంచు కరకరమనగానే మంట తీసేసి ఆ గిన్నె వేడికే మిగతాది మగ్గనిచ్చేది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిసిన ఆ వాసన వాకిలంతా కమ్ముకునేది. అందరి కంటే పదిహేను రోజులు ఎక్కువ వచ్చే మా గ్యాసుబండ సంగతి వాడకట్టులో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

అన్నింటికంటే ఆమె ఇష్టంగా చేసిన పని, ఆదివారం పొద్దున్నే బొగ్గుముక్క పట్టుకుని వసారాలో నిలబడి, మీటరు మీది అంకెను పక్కనున్న సున్నం గోడ మీద రాయడం. ఒకదాని కింద ఒకటిగా ఆ అంకెలు గోడ మీద పెరుగుతూ పోయేవి. యాదగిరి మామ నవ్వేవాడు.

"నీకేం పని లేదా బిడ్డా? గవి రాస్తే బిల్లు తగ్గుతదా?"

"రాస్తె తగ్గదు మామా. ఎప్పుడు పెరిగిందో ఎర్కైతది," అనేది అమ్మ.

ఆ ఏడు వానలు వదలకుండా కురిశాయి. వినాయక చవితి వెళ్లిపోయినా వాకిట్లో నాచు ఆరలేదు. స్నానాల గది గోడ అడుగు నుంచి పైదాకా చెమ్మెక్కి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడేది. ఆ గోడకు కొట్టిన ఇనపమేకు నుంచి అవతలి స్తంభం దాకా బట్టలారేసే తీగ ఉండేది. వాన వెలిసిన పూట తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి ఆ తీగను వేలితో తాకితే చెయ్యి మోచేతి దాకా జుమ్మనేది. దాన్ని మొదట కనిపెట్టింది పద్మ. తీగ పట్టుకుని ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలమన్నది మా ఇద్దరి పందెం. నేను ఏడు దాకా వెళ్లాను, పద్మ తొమ్మిది. పెద్దవాళ్లకు చెబితే వీపు చిట్లుతుందని తెలుసు గనక ఎవరికీ చెప్పలేదు. వాళ్లు చెప్పులేసుకుని బట్టలారేసేవాళ్లు, అందుకే వాళ్లకు తెలియలేదని ఇప్పుడు అర్థమవుతుంది.

ఆ నెల బిల్లు ఎప్పుడూ వచ్చేదానికి రెండింతలకు పైగా వచ్చింది. యాదగిరి మామ కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడి అందరినీ పిలిచాడు. రెండు నెలల కిందటే సత్యవతి పిన్ని తన కుట్టుమిషనుకు చిన్న మోటారు పెట్టించుకుంది. బతుకమ్మ, దసరా దగ్గరికొస్తున్నాయి, వాడకట్టు ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి, గదిలో నిలువెత్తు గుడ్డలు. మిషను చప్పుడు పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా అందరికీ వినపడేది. అందుకే అందరి చూపూ ఆమె గుమ్మం మీదే పడింది.

"గా మోటరే తాగుతుంది కరెంటంత," అన్నాడు మామ. "దసర లోపల ఖాళీ చెయ్యమ్మా. నాతోని గాదు."

"అన్నయ్యగారూ, మోటారు తీసేస్తానండి, కాలితోనే తొక్కుకుంటాను," అంది పిన్ని. "పండగ ముందు పొమ్మంటే ఈ గుడ్డలన్నీ ఏం చేసుకోనండీ? కొత్త చోట నన్ను నమ్మి ఎవరిస్తారు?"

మామ చెడ్డవాడు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే స్కూటరు మీద దవాఖానాకు తీసుకుపోయేవాడు. కానీ ఒకసారి నోటి నుంచి మాట వస్తే వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. పద్మ తల్లి కొంగు వెనకాల నిలబడింది. ఇల్లు మారితే బడి కూడా మారాలని మా ఇద్దరికీ అప్పటికే తెలిసిపోయింది.

అమ్మ వసారాలోకి వెళ్లి గోడ మీది బొగ్గు అంకెల ముందు నిలబడింది. వేలితో ఒక్కో వరుస లెక్కగట్టింది. తర్వాత వచ్చి అంది.

"మామా, పోయిన నెల సత్యవతక్క చెల్లె పెండ్లికని వారం దినాలు ఊరికి వోయింది. యాదికుందా? మిషను గుడ్డ కప్పి ఉండె. గా వారం సుత మీటరు గంతే తిరిగింది."

"గోడ మీది గీతలు జూసి నేను పైసలు కట్టాల్నా?"

"గీతలు నమ్మకు. రేపు ఐతారం. అందరం ఇంట్లనే ఉంటం. అన్ని బంద్ జేసి మీటరు సూద్దాం. చక్రం ఆగితే నువ్వు చెప్పిందే ఖరారు. నేను సుత అడ్డం రాను."

మామ సరేనని తల ఊపాడు.

ఆదివారం పదింటికి వాకిలంతా జనమే. పక్కిళ్లవాళ్లు కూడా గోడ మీంచి తొంగిచూస్తున్నారు. అమ్మ ఒక్కో గదికీ తనే వెళ్లి లైట్లు, ఫ్యాన్లు, మామ గదిలోని టీవీ, వసారాలో బల్బు, అన్నీ కట్టేయించింది. నీళ్ల మోటారు స్విచ్చి కూడా ఆపించింది. అందరూ మీటరు ముందు గుమిగూడారు. సత్యవతి పిన్ని మాత్రం దూరంగా, తన గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

చక్రం ఆగలేదు. ఎర్ర గీత మెల్లగా, కానీ ఆగకుండా, అద్దం ముందు నుంచి వెళ్లి మళ్లీ వచ్చింది.

"మీటరే ఖరాబైనట్టుంది," అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"ఫ్యూజులు పీకి సూడు రాజన్నా," అంది అమ్మ.

రాజన్న కాళ్లకు రబ్బరు చెప్పులేసుకుని, పింగాణీ ఫ్యూజులను ఒక్కొక్కటీ పట్టి లాగాడు. మాది తీశాడు. చక్రం తిరిగింది. తనది తీశాడు. తిరిగింది. పిన్నిది తీసేముందు ఆమె వైపు ఒకసారి చూసి, లాగేశాడు. ఎర్ర గీత మళ్లీ వచ్చింది. పిన్ని గుమ్మంలోంచి లేచి నిలబడింది. ఇక మిగిలింది మామదే. అది తీయగానే చక్రం ఉన్నచోట ఉన్నట్టే నిలిచిపోయింది.

మామ ముఖం ఎర్రబడింది.

"మా ఇంట్ల అన్ని బందే ఉన్నయి గద. మరెట్ల తిరిగింది? ఎటు పోతుంది కరెంటు?"

రాజన్నకూ అంతుపట్టలేదు. అతను మామ గదిలోకి వెళ్లి స్విచ్చులన్నీ మళ్లీ చూసి వచ్చాడు. అప్పుడు నాకు తీగ గుర్తొచ్చింది. పద్మ వైపు చూశాను. అది వద్దన్నట్టు తలూపింది. కానీ దాని తల్లి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అమ్మ కొంగు పట్టుకుని లాగి చెప్పేశాను.

"అమ్మా, బట్టల తీగ ముట్టుకుంటె జుమ్మంటది. వాన పడ్డంక ఇంకా ఎక్కువంటది."

అమ్మ నన్ను కొట్టలేదు. నా కుడిచేయి తన చేతిలోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి చూసింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. తర్వాత పద్మను దగ్గరికి లాక్కుని దాని చేతులు కూడా అలాగే చూసింది.

రాజన్న స్నానాల గది గోడ మీద పెచ్చులు కొట్టించాడు. మామ ఫ్యూజు నుంచి నీళ్ల మోటారుకు పోయే కరెంటు తీగ ఆ గోడలోంచే వెళ్తోంది. మేకు దిగిన చోట రబ్బరు చీలి, కుళ్లి, లోపలి రాగి నల్లబడి తడిగోడకు ఆనుకుని ఉంది. స్విచ్చి దాని అవతల ఉండడంతో, మోటారు ఆపినా ఆ తీగలో కరెంటు ఉండనే ఉంది. వాన పడినప్పుడల్లా ఆ గోడా, మేకూ, మేం పందేలు కాసుకున్న తీగా దాన్ని తాగుతూనే ఉన్నాయి.

మామ వంగి ఆ గుంతలోకి చూశాడు.

"ఇన్ని దినాలు గోడకు పోసిన పైసలు," అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి వైపు చూసి, "పైసలు వోతే వోయినయి. పోరగాండ్లకు ఏమన్న అయితే..." అని ఆపేశాడు.

ఆ సాయంత్రం ఆయన సత్యవతి పిన్ని గుమ్మం దగ్గరికి వెళ్లాడు. లోపలికి పోకుండా బయటే నిలబడి, "పొరపాటు నాదమ్మా. పండుగ పని జేసుకో. ఎటు వోవద్దు," అన్నాడు. వెనక్కి తీసుకోవడం చేతకాదనుకున్న మాటను ఆయన నాలుగు ముక్కల్లో తీసేసుకున్నాడు. ఎక్కువొచ్చిన బిల్లు తానే కట్టాడు. అమ్మ అక్కడితో వదల్లేదు. కరెంటు తీగ మార్చిన వారంలోనే నాలుగు భాగాలకూ నాలుగు చిన్న మీటర్లు పెట్టించమని పట్టుబట్టి, ఖర్చు అందరం పంచుకునేలా ఒప్పించింది. పెట్టాక ఎవరి వాడకం ఎంతో వాళ్లకు తెలిసింది. వృథా తగ్గడంతో ఇంటి మొత్తం వాడకం రేటు మారే మెట్టుకు కిందే ఉండిపోయింది, అందరి భాగమూ తగ్గింది. మోటారు మిషను మామ గదిలోని టీవీ కంటే తక్కువే తింటుందని తేలినప్పుడు పిన్ని పైకి నవ్వలేదు గానీ, ఆ వారమంతా మిషను మీద కుడుతూ ఏదో కూనిరాగం తీసింది. ప్రతి ఆదివారం మా అమ్మ, పిన్ని కలిసి మీటర్ల ముందు నిలబడి ఎవరిది తక్కువో చూసుకునేవాళ్లు. ఓడినవాళ్లు టీ పెట్టాలి. ఎవరి గ్యాసు మీద పెట్టాలన్న దగ్గర మళ్లీ వాదన మొదలయ్యేది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట ఐదంతస్తుల భవనం లేచింది. యాదగిరి మామ చనిపోయాడు. రాజన్న కుటుంబం మల్కాజిగిరి వెళ్లిపోయింది. ఏఎస్ రావు నగర్‌లో పద్మ నడిపే బట్టలు కుట్టే దుకాణంలో ఆరు మిషన్లు, అన్నీ మోటారువే. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మొన్న బీరకాయలు తరుగుతుంటే అడిగాను.

"ఆ వారం లెక్క చూసి నీకు ముందే తెలుసు కదా. మరి ఊరందరినీ నిలబెట్టడం ఎందుకు?"

"నోటితోని చెప్తె ఎవరు వింటరు బిడ్డా? అందరు తమ కండ్లతోని సూడాలె. అప్పుడు ఎవరి మీద ఎవరికీ అనుమానం ఉండదు."

మా అపార్టుమెంటులో నలభై మీటర్లు కింద ఒక గదిలో వరసగా ఉంటాయి. ఆ గదికి తాళం. వాటిలో చక్రాలు లేవు, చిన్న ఎర్ర దీపాలు మినుకుమంటూ ఉంటాయి. ఎవరి బిల్లు వాళ్లు ఫోన్లోనే కట్టేస్తారు. పక్క ఫ్లాటువాళ్లకు ఎంతొచ్చిందో నాకు తెలియదు, అడిగితే మర్యాద కాదేమోనని అడగలేదు. ఎదురింటి ఆమె పేరు కూడా ఈ మధ్యే లిఫ్టులో తెలిసింది. పోయిన వారం ఆమె బిల్లు చూసి తన తలుపు దగ్గర నిలబడి గొణుక్కుంటుంటే, అమ్మ లోపలి నుంచి లేచి వెళ్లి, అడగకుండానే ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.