స్విచ్చి సారు

విద్యాశాఖలో ఖర్చులు కోసే ఆ అధికారిని ఆయన వెనకాల అందరూ స్విచ్చి సారు అంటారు. ఏ గదిలోంచి లేచినా ఆయన చెయ్యి ముందు గోడ మీది స్విచ్చి మీదకే పోతుంది, లోపల ఇంకా మనుషులున్నా సరే. అన్నం తింటున్న సొంత తమ్ముణ్ణే ఒకసారి చీకట్లో కూర్చోబెట్టాడని ఆయన భార్యే నవ్వుతూ చెబుతుంది. "ప్రజల సొమ్ము" అనేటప్పుడు మటుకు సొంతబిడ్డ పేరు పలికినట్టు గొంతు మెత్తబడుతుంది.

పిల్లల మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా, మాయమాటలు చెప్పి ఎత్తుకెళ్ళి అమ్మెయ్యకుండా బళ్ళలో పెట్టిన క్లాసులు ఈ ఏడు ఆయన ముందుకొచ్చాయి. "వద్దు అని అరవడం నేర్పడానికి ఇంత ఖర్చా?" అంటూ స్వయంగా చూడ్డానికి వెళ్ళి, వెనక బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పిల్లలు టీచరమ్మతో కలిసి అరిచారు, నవ్వారు, గంట కొట్టగానే బిలబిలా బయటికి పరిగెత్తారు. ఇంతేగా అనుకుంటూ లేచి, అలవాటు కొద్దీ లైటు ఆర్పేశాడు.

బయటంతా మబ్బు. మసకలో ముందు బెంచీ దగ్గర "మేడం, ఇంట్లోవాళ్ళకి కూడా వద్దు అని..." అంటున్న ఒక చిన్న గొంతు టక్కున ఆగిపోయింది.

ఆయన గబుక్కున లైటు వేశాడు. టీచరమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పాప, పెదాలు బిగించి ఆయన్నే చూస్తోంది. ఆయన చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

పొద్దు వాలాక తాళాలతో వచ్చిన ప్యూను, లైటు వెలుగుతున్న ఖాళీ గది గుమ్మంలోనే ఆయన్ని చూశాడు. సారు చేతులు రెండూ చంకల్లో బిగించుకుని నిలబడున్నాడు.

"లైటు ఆపేద్దామా సార్?"

"ఉండవయ్యా. ఆ పిల్ల ఇంకా చెప్పలేదు."