పడమటి కావలివాడు భోజనానికి కూర్చున్నాడు

ఓర్సొలాకు డెబ్బై ఒకటో ఏడు. బెనెవెంతో పట్నానికి పైన, కొండ మీద ఇరవై గడపల ఊళ్లో ఒక్కతే ఉండేది. ఆ చుట్టుపక్కల మనిషికి గానీ గొడ్డుకు గానీ దిష్టి తగిలితే ఆమె దగ్గరికే వచ్చేవారు. పళ్లెంలో నీళ్లు పోసి, వేలి చివరి నుంచి మూడు చుక్కల ఆలివ్ నూనె వదిలేది. నూనె చెదిరిపోతే దిష్టి, చెదరకపోతే మామూలు జలుబు. ఊరివాళ్లు ఎదురుపడితే అమ్మా అనేవారు, చాటున మంత్రగత్తె అనేవారు. రెండూ ఆమె చెవిన పడేవి. దేనికీ నొచ్చుకునేది కాదు.

పళ్లెం ముట్టుకునే ముందు నలుగురిని పిలవాలి. నాలుగు దిక్కులకు నలుగురు కావలివాళ్లు, ఒక్కొక్కరికి ఆకాశంలో ఒక్కో చుక్క ఇల్లు. పనయ్యాక ఒక్కొక్కరినీ వరసగా సాగనంపాలి. "నీకు దండం. నాకే లోటూ లేదు. నీ చోటికి నువ్వు వెళ్లు." ఇవి ఒక క్రిస్మస్ ముందురోజున వాళ్లమ్మ చెవిలో చెప్పిన మాటలు. వేరే రోజున నేర్పితే పనిచేయవు. ఓర్సొలా యాభై ఏళ్లుగా వాటిని పాలవాడికి జవాబు చెప్పినట్టు గబగబా అనేస్తోంది. పైగా ఆమెకు చీకటి పడగానే నిద్ర వస్తుంది కనుక చుక్కలను పట్టపగలే పిలిచేది. పగలు చుక్కలెక్కడుంటాయని ఎవరైనా అంటే, "తలుపేసుకుంటే ఇంట్లో మనుషులు లేనట్టా?" అని కసిరేది.

ఆ సెప్టెంబరులో పక్కింటి లిబోరియో తన కంచరగాడిదకు దిష్టి తగిలిందని వచ్చాడు. గాడిద మెట్లెక్కనంటే దాని పగ్గం పట్టుకొచ్చాడు. ఆమె పగ్గానికే దిష్టి తీసి పంపించింది. తూర్పువాణ్ణి సాగనంపింది, దక్షిణంవాణ్ణి సాగనంపింది. పడమటికి తిరిగేసరికి పొయ్యి మీద చిక్కుడు గింజలు పొంగాయి. పరుగెత్తి కుండ దించి, పనిలో పనిగా పళ్లెంలో వడ్డించుకుని, ఆ పళ్లెంతోనే పడమటి గోడకేసి తిరిగింది. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"రండి, భోంచేద్దురు గాని."

ఆ కొండ మీద ఎవరైనా తినేటప్పుడు గుమ్మంలో మనిషి కనబడితే ఈ మాట అనాల్సిందే. అవతలివాళ్లు "తిన్నట్టే అనుకోండి" అని వెళ్లిపోవాల్సిందే. నిజంగా వచ్చి కూర్చుంటే పిలిచినవాళ్లూ వచ్చినవాళ్లూ సిగ్గుతో చచ్చిపోతారు. ఓర్సొలా భర్త వితాలే పోయి పదకొండేళ్లు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం లిబోరియో ఆమె గుమ్మం ముందు నుంచి వెళుతూ ఆగడం, ఆమె రమ్మనడం, అతను తిన్నట్టే అనుకోమనడం జరుగుతూనే ఉంది.

పడమటి కావలివాడికి ఈ మర్యాదలు తెలియవు.

"సరే," అన్నాడు.

గోడ దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. మనిషి పొడుగ్గా, దుమ్ము కొట్టుకుని, ఇటుకబట్టీలోంచి ఇప్పుడే తీసినట్టు ఎర్రగా ఉన్నాడు. వేసవి చివరి సాయంత్రాల్లో పడమటికి వాలుతూ కిందుగా కనబడే వృశ్చికరాశిలో, ఆ తేలు గుండెలోని ఎర్రచుక్క ఇతగాడిదే. ఓర్సొలాకు చెమటలు పట్టాయి, కొంత భయంతో, కొంత వేడికి. ఉత్తరంవాణ్ణి హడావుడిగా పంపేసి, రెండో పళ్లెం తీసింది. వేరే ఏం చేస్తుంది? పిలిచింది తనే కదా!

అతను గింజలు తిన్నాడు. రొట్టె తిన్నాడు. ఆలివ్ కాయలు గింజలతో సహా తిన్నాడు. కూరలో వేసిన బిరియానీ ఆకు తిని, "ఇది బాగుందమ్మా, ఇంకోటుందా?" అన్నాడు.

మూడు రోజులైనా లేవలేదు. మర్యాదగా పంపడానికి ఆమె చేయనిది లేదు. కాఫీ ఇచ్చింది, ఆవలించింది, కిటికీలు మూసింది. చివరికి చీపురు తలకిందులుగా తలుపు వెనక నిలబెట్టింది. దాన్ని చూస్తే ఎలాంటి చుట్టమైనా లేచి పోతాడని అక్కడ గట్టి నమ్మకం. అయితే ఇంకో నమ్మకం కూడా ఉంది. మంత్రగత్తె కంట చీపురు పడితే పుల్లలన్నీ లెక్కపెట్టకుండా గడప దాటలేదు. ఆ సంగతి ఆమెకు చీపురు నిలబెట్టాక గుర్తొచ్చింది. చుట్టం కదల్లేదు గానీ ఆమె తలుపు వెనక నేల మీద చతికిలబడి లెక్క మొదలుపెట్టింది. ఆరువందల పన్నెండు దగ్గర అతను "రొట్టె అయిపోయిందమ్మా" అన్నాడు. లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి.

ఊరు త్వరగానే అలవాటు పడింది. అతని వెనక ఆరేస్తే దుప్పట్లు గంటలో ఎండుతున్నాయని ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు. పాదిరీగారు కూడా శిలువ పట్టుకుని వచ్చారు. కావలివాడు "రండి, భోంచేద్దురు గాని" అన్నాడు, మాట పట్టేసి. పాదిరీగారు "తిన్నట్టే అనుకోండి" అని మెట్లు దిగిపోయారు.

నాలుగో రోజున పడమటి నుంచి వడగళ్లు పడ్డాయి. లిబోరియో ద్రాక్షతోట కొండకు పడమటి వాలులో ఉంది. అతను తడిసిన టోపీతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మూడు వరసలు పోయాయి వదినా! కోతకింకా రెండు వారాలుంది. అటువైపు కాపలా ఏదీ? కాపలావాడు నీ వంటింట్లో గింజలు మేస్తున్నాడు! ఇంకో వాన పడితే ఏడాదంతా నేను తినేది మట్టే."

"నేనేం కట్టేశానా? పొమ్మంటే పోవట్లేదయ్యా!"

"సరిగ్గా పొమ్మన్నావా?"

ఓర్సొలా పొయ్యి వైపు తిరిగి కుండ కలిపింది. సాగనంపే మాటలు అతనికి ఒక్కసారీ చెప్పలేదు. మంత్రం తెలిసినదానికి చీపురెందుకు? అసలు సంగతేమిటంటే, ఆమెకు అతను వెళ్లడం ఇష్టం లేదు. పదకొండేళ్ల తర్వాత ఆమె వంటను ఇంకొకరు తిని, ఉప్పు సరిపోయిందన్నారు. కాని ఆ వాలులో నష్టపోతున్నది లిబోరియో. వితాలే మంచాన పడ్డప్పుడు అతన్ని వీపున మోసుకుని కొండ దిగి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది ఆ లిబోరియోనే.

మర్నాడు పొద్దున పడమటి ఆకాశం మళ్లీ నల్లబడింది. ఆమె చేతులు తుడుచుకుని కుర్చీ ముందు నిలబడింది.

"నీకు దండం. నాకే లోటూ లేదు. నీ చోటికి నువ్వు వెళ్లు."

అతను కదల్లేదు. మళ్లీ చెప్పింది. మూడోసారి అరిచింది.

"వెళ్తానమ్మా," అన్నాడతను, రొట్టెముక్కతో పళ్లెం తుడుస్తూ. "కాని అది అబద్ధం కదా. అబద్ధం చెబితే నాకు దారి తెరుచుకోదు."

ఓర్సొలా స్టూలు లాక్కుంది. అతని ఎదురుగా కూర్చుంది.

"సరే, ఉంది," అంది. "లోటుంది. ఒక్కదాన్నే తినలేకపోతున్నాను. గోడ చూస్తూ నమలాలంటే ముద్ద దిగదు. పదకొండేళ్లుగా మీ నలుగురికీ రోజూ అబద్ధమే చెబుతున్నాను. నువ్వుంటే బాగుంది. అయినా వెళ్లు నాయనా. లిబోరియో తోట పోతుంది."

చెప్పాక ఏడ్చి, చేతిలో ఉన్న మసిగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది.

కావలివాడు లేచాడు. అతని తల దూలానికి తగిలింది. "ఇన్నాళ్లూ అబద్ధమని మాకు తెలుసమ్మా," అన్నాడు. "నువ్వెప్పుడూ అన్నం పెట్టలేదు కాబట్టి వెళ్లగలిగాం. తిన్న ఇంట్లో అబద్ధం చెల్లదు." వెళుతూ వెళుతూ దండెం మీద ఎండబెట్టిన బిరియానీ ఆకులన్నీ తెంపుకుని పోయాడు. మబ్బు విడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఓర్సొలా పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో లిబోరియో ఆగాడు.

"నిన్న సాయంత్రం ఎర్రచుక్క మళ్లీ దాని చోట ఉంది వదినా. కాస్త లావెక్కినట్టుంది."

"రావయ్యా, తిందువు గాని."

"తిన్నట్టే అనుకో వదినా."

"అనుకోను," అంది ఓర్సొలా.

వెళ్లబోతున్న లిబోరియో కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ మాటకు జవాబు ఆ కొండ మీద ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

"మర్యాదకి అడగట్లేదు. ఆకలేస్తోందా, లేదా?"

అతను వీధికి ఆ చివరా ఈ చివరా చూశాడు. టోపీ తీశాడు.

"పదకొండేళ్ల నుంచీ వేస్తోంది వదినా," అన్నాడు.

వచ్చి పడమటి గోడ దగ్గరి కుర్చీలో కూర్చుని, కూర్చోగానే ఎగిరి లేచాడు. కుర్చీ ఇంకా కాలుతోంది. అది చల్లారేలా టోపీతో కాసేపు విసిరి, మళ్లీ కూర్చున్నాడు.