ఎండీ సలీం గారికి సెల్యూట్

టీ తాగుతున్నవాళ్లు కప్పు కింద పెట్టి మరీ చదవండి. ఒక కంపెనీ యజమానిని ఆయన సొంత ఆఫీసు గేటు బయట మండుటెండలో నిలబెట్టిన ఘనుణ్ణి నేను.

అది 2011 వేసవి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదివేవాణ్ణి. ఖర్చులకని నారాయణగూడలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకు సెక్యూరిటీగా చేరాను. మా ఏజెన్సీ మేనేజరు యాదగిరి నాకిచ్చిన ట్రైనింగ్ అంతా ఒక్క ముక్క: "డిగ్రీ చదివినవ్, ఇంగ్లీషొస్తది. ఇంక నీకేం జెప్పాలె?" ఆఫీసులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనేది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చేరిన వారంలోనే ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అన్నీ పెద్దక్షరాలే, ఎక్కడా చుక్కన్నదే లేదు: MD SALEEM COMING SEND MD ROOM.

ఎండీ! మేనేజింగ్ డైరెక్టర్! నా గుండె కాచిగూడ స్టేషన్లో రైలింజనులా కొట్టుకుంది. కాసేపటికి పాత స్కూటరు మీద ఒకాయన వచ్చి "నేను సలీం" అన్నాడు. ఇంత పెద్దాయనకి స్కూటరా! ఎంత నిరాడంబరుడో అని నా కళ్లు చెమర్చాయి. నేల అదిరేలా సెల్యూట్ కొట్టి, చేతిలో సంచి లాక్కుని, పైన ఎండీ రూములో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాన్ వేశాను.

"నాకెందుకు భాయ్ ఈ కుర్చీ?"

"మీది కాకుంటె ఇంకెవరిది సార్!"

చాయ్ తెప్పించి ఇచ్చి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి కారొకటి ఆగి ఉంది. అందులోంచి దిగిన, నేనెన్నడూ చూడని కళ్లద్దాల పెద్దమనిషి "గేటు తియ్యి" అన్నాడు.

"ఎవరు గావాలె సార్?"

"ఎవరు గావాల్నా? నేను ఎండీని!"

"జర ఆగుండ్రి. మా ఎండీ సారు లోపల చాయ్ తాగుతున్నరు."

ఆయన కళ్లద్దాలు తీసి కంపెనీ బోర్డు మరోసారి చదువుకున్నాడు. డ్రైవరు నన్ను దయ్యాన్ని చూసినట్టు చూశాడు. "అన్నా, నీకు దండం పెడ్త! ఈయననే మనకు జీతమిచ్చేది."

"మేనేజర్‌ని అడిగినంకనే తీస్త" అన్నాను. మేనేజరు ఫోనెత్తలేదు. చివరికి అరుపులు విని అకౌంట్స్ చూసే రమాదేవి అక్క కిందికొచ్చింది. "అయ్యో సార్! మీరెందుకు బయటున్నరు?"

నేను గేటు బార్లా తీశాను.

అందరం పైకి వెళ్లాం. పెద్ద కుర్చీలో రెండో చాయ్ తాగుతున్న సలీం లేచి నిలబడ్డాడు. "సాబ్, నేను మహమ్మద్ సలీం. ఏసీ రిపేరుకొచ్చిన. చాయ్ మీద చాయ్ ఇస్తున్నరు గని, నా సామాన్ల సంచి ఏడ పెట్టిండ్రో చెప్తలేరు."



మధ్యాహ్నం యాదగిరి కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "మహమ్మద్‌ని చిన్నగ రాస్తె ఎండీయే గదరా!"

"చిన్న డీ రాసి, పక్కన చుక్క పెట్టాలె గద సార్?"

"చుక్కలు లెక్కవెట్టనీకి పెట్టిన్నా నిన్ను?"

సాయంత్రం ఇంకో మెసేజ్ వచ్చింది: BM COMING TOMORROW WASH UNIFORM. బ్రాంచ్ మేనేజర్! పోయిన పరువు నిలబెట్టుకునే అవకాశం! యూనిఫాం ఉతికి, గంజి పెట్టి, కత్తిలా ఇస్త్రీ చేసి, తెల్లారి గేటు దగ్గర నిటారుగా నిలబడ్డాను. యాదగిరి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మళ్లీ నేల అదిరింది.

"బ్రాంచ్ మేనేజర్ గారా సార్?"

"బ్రాంచ్ మేనేజరేంది? బీఎమ్మంటె బామ్మర్ది, మా బామ్మర్ది. ఇయ్యాల్టి సంది నీ జాగల ఈయననే. యూనిఫాం ఇప్పియ్యి."

యూనిఫాం అప్పజెప్పి హాస్టల్‌కి నడుస్తూ, చిక్కడపల్లి చౌరస్తా దాటేలోగా సూర్యుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: రెండక్షరాల ఇంగ్లీషు మాటను పూర్తి పేరు తెలియకుండా ఈ జన్మలో నమ్మను. ఒకవేళ నమ్మినా, దానికోసం గంజి మాత్రం పెట్టను.